నది ఒడ్డు ప్లాన్: గోడ, వాకింగ్ ట్రాక్, మోటార్ బోట్లు... మనం ఏం అడగాలి?

ఒడ్డుమనిషి · శనివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మా కాలనీ వెనకే నది. ఈ మధ్య "ఒడ్డు అభివృద్ధి" అని ఒక ప్లాన్ బయటికొచ్చింది. గట్టు పొడవునా కాంక్రీట్ గోడ, దాని మీద వాకింగ్ ట్రాక్, రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్లు, కింద మోటార్ బోట్లకు జెట్టీ. అభిప్రాయాలు రాసివ్వడానికి నెల రోజులు గడువిచ్చారు.

కాలనీలో అప్పుడే రెండు జట్లు తయారయ్యాయి. ఇన్నాళ్లకు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక చోటు దొరుకుతోంది, అడ్డుపడకండి అని ఒక జట్టు. అసలు మనుషులు దూరంగా ఉంటేనే నది బతుకుతుంది, కంచె వేసేయండి అని ఇంకో జట్టు. నాకు రెండూ మింగుడు పడట్లేదు. ఈత, తెప్ప, గాలం, పిట్టలు చూడ్డం అన్నీ ఉండాలి. వాటితో పాటు నదీ ఉండాలి. కాగితం మీద ఏమని రాయాలి? ఇలాంటివి చూసినవాళ్లు కాస్త చెప్పండి.

ఈతగాడు · శనివారం, ఉదయం 7:52

గోడ సంగతి తర్వాత. ఆ నీళ్లలో ఇవాళ మనిషి దిగొచ్చా? ప్లాన్‌లో మురుగుకాలవల ఊసుందా? చాలా ప్లాన్లలో ఉండదు. పైన టైల్స్ వేస్తారు, కింద కాలవ మాత్రం ఎప్పటిలాగే నదిలో కలుస్తూ ఉంటుంది.

పారిస్‌లో సేన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. మామూలు జనాన్ని మళ్లీ దిగనిచ్చింది 2025 జూలైలో. దానికి ముందు వాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం కంటికి కనబడనిదే. వానలకు మురుగు పొంగి నదిలో పడకుండా భూమి లోపల పెద్ద ట్యాంకు కట్టారు, నేరుగా నదిలోకి వదిలేస్తున్న ఇళ్లనూ పడవలనూ మురుగు లైనుకు కలిపారు. ఇంత చేసినా గట్టి వాన పడితే ఇప్పటికీ ఈత ఆపేస్తారు. కాబట్టి మీ కాగితంలో మొదటి పేరా మురుగు గురించే ఉండాలని నా ఓటు.

నీళ్ల_ల్యాబ్ · శనివారం, ఉదయం 9:15

ఈతగాడు గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి నాలుగు మాటలు.

తేటగా ఉన్న నీళ్లన్నీ మంచివి కావు. బురదగా ఉన్నవన్నీ చెడ్డవీ కావు. వరద నీళ్లు ఎర్రగా కనిపించేది మట్టి వల్ల. ఈతకు సంబంధించి ముఖ్యంగా చూసేవి కరిగిన ఆక్సిజన్, బీఓడీ, మలం నుంచి వచ్చే బాక్టీరియా. బీఓడీ అంటే నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. అది పెరిగితే చేపలకు మిగిలే ఆక్సిజన్ తగ్గుతుంది. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానాల నీటికి పెట్టిన ప్రమాణం ఇది: కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బాక్టీరియా గుంపు) 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం మంచిది, 2500 మించితే మాత్రం ఒప్పుకోరు. అమెరికాలో ఆ గుంపులోని ఈ.కోలి అనే ఒక్క రకాన్ని లెక్కపెడతారు, అక్కడ సగటు 126 దాటకూడదన్నది సిఫార్సు. లెక్కగట్టే పద్ధతులు వేరు కాబట్టి ఎవరిది కఠినం, ఎవరిది సులువు అని ఈ అంకెలతో పోటీ పెట్టొద్దు.

ఒక్క శాంపిల్ తీసి "మా నది క్లీన్" అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను మాత్రం నమ్మకండి. మురుగుకాలవ కలిసే చోటుకు ఎగువన ఒకటి, కలిసే చోట ఒకటి, కొంత దిగువన ఒకటి తీయాలి. ఎండాకాలంలో నీళ్లు తక్కువున్నప్పుడు, తొలకరికి రోడ్ల మీద చెత్తంతా కొట్టుకొచ్చినప్పుడు, వానలు తగ్గాక, ఇలా వేర్వేరు కాలాల్లో తీస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది.

ఒడ్డుమనిషి · శనివారం, ఉదయం 10:30

థాంక్సండీ. ఆన్‌లైన్‌లో చిన్న సీసాల కిట్ దొరుకుతోంది, నీళ్లు పోసి ఒకరోజు ఉంచితే నల్లబడుతుంది అంటున్నారు. దానితో పని జరగదా?

నీళ్ల_ల్యాబ్ · శనివారం, ఉదయం 10:41

ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు తాగేనీళ్ల కోసం. ఉందా లేదా అన్నంత వరకే చెబుతాయి, ఎంత ఉందో చెప్పవు. నది నీళ్లు పోస్తే దాదాపు ప్రతిసారీ నల్లబడతాయి. జనాన్ని భయపెట్టడానికి బాగుంటుంది గానీ వాదనకు పనికిరాదు. ల్యాబ్‌కు పంపండి.

సివిల్_బాబాయ్ · శనివారం, మధ్యాహ్నం 1:05

ఇక్కడ అందరూ గోడను విలన్ చేసేలా ఉన్నారు, కాబట్టి నేను అటువైపు నిలబడతాను. ఉద్యోగమంతా గట్లు, కాలవలు కట్టించాను. నది ఒడ్డు కోసుకుపోతే ముందు పోయేది గట్టు మీదున్న ఇళ్లే. అందులో ఉండేవాళ్లు ఎక్కువగా లేనివాళ్లు. వాళ్ల దగ్గరికెళ్లి "సహజమైన ఒడ్డు అందంగా ఉంటుంది" అని చెప్పి చూడండి. గట్టు కట్టొద్దు అనే హక్కు కోత భయం లేని వీధిలో ఉండేవాళ్లకు లేదు.

రెల్లుదుబ్బు · శనివారం, మధ్యాహ్నం 2:20

బాబాయ్ గారూ, ఇళ్లు పోకూడదు అన్నదాంట్లో మనిద్దరికీ తేడా లేదు. అయితే నిటారు గోడ కోతను ఆపదు, పక్కకు నెడుతుంది. గరుకుగా ఉన్న ఒడ్డు నీటి వేగాన్ని కొంత తగ్గిస్తుంది. నున్నటి కాంక్రీట్ తగ్గించదు. ఆ వేగం గోడ అయిపోయిన చోట మట్టిని తింటుంది, లేకపోతే గోడ పాదం కింద గుంత చేస్తుంది. అందుకే మనం చాలాచోట్ల గోడ ఇంకా గట్టిగా ఉండగానే పునాది కిందనుంచి డొల్లయి కూలడం చూస్తాం. మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

మ్యూనిక్‌లో ఇసార్ నది సంగతి చూడండి. వంద ఏళ్లకు పైగా దాన్ని తిన్నటి కాలవలా మార్చి ఒడ్లు బిగించారు. 2000 నుంచి 2011 మధ్య 8 కిలోమీటర్ల మేర ఆ బిగింపును విప్పేశారు. నదిని వెడల్పు చేశారు, ఒడ్లను ఏటవాలుగా మార్చారు, గులకరాళ్ల దిబ్బలు వాటంతటవే కదిలేలా వదిలేశారు. వరద నుంచి ఊరికి రక్షణ కూడా ఆ పనికి పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. నది వెడల్పయితే వరద నీటికి చోటు దొరుకుతుంది కదా. ఇప్పుడు ఎండాకాలంలో అక్కడ వేలమంది గులకరాళ్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటారు. మనుషులకు నది దగ్గరైంది కూడా అప్పుడే. గోడ మీద ట్రాక్ వేస్తే నదిని పైనుంచి చూస్తాం, అంతే.

ఇంకోటి. ఒడ్డున చెట్లు కొట్టేసి సిమెంట్ వేస్తే నీళ్లు వేడెక్కుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైన ల్యాబ్ గారు చెప్పిన 5 గీతకు అక్కడే మూడో వంతు దూరానికి పైగా దగ్గరైపోయాం, ఇంకా మురుగు కలవకముందే.

సివిల్_బాబాయ్ · శనివారం, సాయంత్రం 4:48

ఇసార్ గురించి చదివాను. అక్కడ వెడల్పు చేయడానికి కరకట్టకూ నదికీ మధ్య ఖాళీ గడ్డి నేల ఉంది. మన ఊళ్లలో ఆ నేలలో ఏమున్నాయో మీకూ తెలుసు. సరే, నిటారు గోడ చెడ్డదన్నది ఒప్పుకుంటాను, ఆ మాట మీటింగుల్లో నేనూ అనేవాణ్ని. అయినా నది వంపు తిరిగే చోట బయటి ఒడ్డు మీద నీళ్లు నేరుగా కొడతాయి. అక్కడ రెల్లు నాటి ఊరుకుంటే మొదటి వరదకే పోతుంది. రాయి వేయాల్సిందే.

రెల్లుదుబ్బు · శనివారం, సాయంత్రం 5:30

వంపు బయటి ఒడ్డున రాయి వేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఏటవాలుగా, రాళ్ల మధ్య సందుల్లో మట్టి నింపి మొక్కలు వచ్చేలా వేయండి. లేదంటే ఇనప తీగ బుట్టల్లో రాళ్లు నింపి మెట్లుగా పేర్చండి, వాటి మధ్య వట్టివేరు పెట్టండి. వట్టివేరు వేళ్లు 3 మీటర్ల లోతుకు దిగుతాయి. మిగతా ఒడ్డుకు రెల్లు, నేరేడు, మద్ది, కానుగ చాలు. మీరు చెప్పిన వంపు లోపలి ఒడ్డుకు మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇసుక మేట వేసేది అక్కడే.

సివిల్_బాబాయ్ · శనివారం, సాయంత్రం 5:44

ఇది మాట్లాడుకోదగ్గ మాట. ఒడ్డుమనిషి గారూ, మీ ప్లాన్ మ్యాప్‌లో వంపు ఎక్కడుందో, ఇళ్లకూ నీళ్లకూ ఎంత దూరమో చూడండి. గోడ మొత్తం పొడవుకూ అడుగుతున్నారా, అవసరమైన ముక్కకేనా? మొత్తం పొడవుకూ అయితే ఎందుకో హైడ్రాలిక్ లెక్కలు, అంటే నీటి ప్రవాహం లెక్కలు చూపించమనండి. లెక్క లేకుండా గోడ కట్టేవాడు ఇంజనీరు కాడు, మేస్త్రీ.

పిట్టలపిచ్చి · శనివారం, రాత్రి 8:12

లోపలి ఒడ్డు మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. నీళ్లు తగ్గాక బయటపడే ఇసుక తిన్నెల మీద రివర్ టర్న్, స్కిమ్మర్, ప్రాటిన్‌కోల్ లాంటి పిట్టలు గుడ్లు పెడతాయి. గూడు కట్టవు. ఇసుకలో చిన్న గుంత, అందులో ఇసుక రంగు గుడ్లు. పక్కనే నిలబడినా కనిపించవు. మనవాళ్లు సరిగ్గా అదే కాలంలో తిన్నె మీదికి జీపులు తోలుకెళ్తారు, క్రికెట్ పిచ్ వేస్తారు, టెంట్లు వేస్తారు. మనుషులు నడిచి వెళ్లినా తల్లి లేచిపోతుంది. ఎండకు ఇసుక కాలిపోతుంటుంది కదా, నీడ పట్టే తల్లి కాసేపు లేకపోతే గుడ్డు లోపలే ఉడికిపోతుంది. మనుషులు వదిలే తిండి వెనకాల కుక్కలూ కాకులూ వస్తాయి, అది ఇంకో కష్టం.

నిషేధించమని నేను అనట్లేదు. గుడ్ల కాలంలో ఒక్క తిన్నెను వదిలేసి తాడు కట్టి బోర్డు పెడితే చాలు. మిగతా తిన్నెల మీద ఆడుకోండి.

ఆ ఫ్లడ్‌లైట్ల సంగతి మాత్రం వదలకండి. నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చి, ఒక్క సాయంత్రం బతికి గుడ్లు పెట్టి చనిపోయే మేఫ్లైలు ఉంటాయి. హంగరీలో డాన్యూబ్ వంతెనల దీపాలకు అవి వేలకు వేలు వచ్చి, నీళ్లనుకుని తారు రోడ్డు మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంటే శాస్త్రవేత్తలు నీటి పక్కన వేరే లైట్లు పెట్టి మళ్లించాల్సి వచ్చింది. చేపలకు తిండి అదే. లైట్లు కావాలంటే మోకాలెత్తులో, కిందికి పడేలా, పసుపు రంగువి, రాత్రి ఒక టైముకు ఆరిపోయేవి అడగండి.

తెప్పరాయుడు · శనివారం, రాత్రి 9:33

ఇక మోటార్ బోట్లు నా వంతు. పాతరకం టూ స్ట్రోక్ ఇంజన్ తాగే పెట్రోల్‌లో నాలుగో వంతు దాకా కాలకుండానే బయటికి పోతుంది. బయట అంటే ఎక్కడ? నీళ్లలోనే. ఎంత వేగంగా పోతే అంత పెద్ద అల, ఆ అల రోజంతా ఒడ్డును నాకుతూనే ఉంటుంది. బాబాయ్ గారు భయపడే కోతలో కొంత వాటా దానిదే. ఒడ్డుకు దగ్గర్లో నెమ్మదిగా పోవాలన్న రూలు చాలా దేశాల్లో ఉంది. తెడ్డు పడవలు, కయాక్‌లు, తెప్పలు పెట్టండి, కావాలంటే బ్యాటరీ బోట్లు పెట్టండి. ఒక్క రెస్క్యూ బోటు మాత్రం మోటారుదే ఉండాలి, దాంట్లో రాజీ వద్దు.

ఒడ్డుమనిషి అన్నా, మీ దగ్గర చెక్‌డ్యాం ఉందా?

ఒడ్డుమనిషి · శనివారం, రాత్రి 9:40

ఉంది తమ్ముడూ, జెట్టీ కడతామన్న చోటుకు కొంచెం దిగువన. చిన్నదే, మనిషి ఎత్తు కూడా ఉండదు. పిల్లలు దాని కింద జలకాలాడుతుంటారు.

తెప్పరాయుడు · శనివారం, రాత్రి 9:58

చిన్నదే అన్న ధీమానే ప్రాణం తీస్తుంది అన్నా. ఎండాకాలంలో పల్చగా పారేటప్పుడు ఏమీ కాదు. నీటి మట్టం పెరిగి ఒక పద్ధతిలో పారేటప్పుడు, పైనుంచి పడ్డ నీళ్లు అడుగుకు వెళ్లి లేచి, పైపైన మళ్లీ డ్యాం వైపుకే వెనక్కి తిరుగుతాయి. అందులో పడ్డ మనిషి దిగువకు కొట్టుకుపోడు. అక్కడే మునుగుతూ తేలుతూ తిరుగుతూ ఉంటాడు. నురగలో గాలి ఎక్కువ కాబట్టి శరీరం సరిగ్గా తేలదు కూడా. కాపాడదామని దిగినవాళ్లూ పోతారు, పడవతో వెళ్లినవాళ్లూ పోతారు. ఎగువ నుంచి పడవలో వస్తుంటే అంచు కనిపించదు, నది మామూలుగా సాగిపోతున్నట్టే ఉంటుంది.

జెట్టీని డ్యాంకు దగ్గరగా పెట్టనివ్వకండి. ఎగువన నది అడ్డంగా తేలే బంతుల తాడు, రెండు ఒడ్లనా పెద్ద బోర్డులు అడగండి. వానాకాలంలో డ్యాం కిందికి ఎవరూ దిగకుండా చూడాలి.

ఈతగాడు · శనివారం, రాత్రి 10:25

తెప్పరాయుడు చెప్పింది పెద్దక్షరాల్లో రాయాలి. దానికి తోడు ఇసుక గుంతలు. నది అడుగున ఇసుక తవ్విన చోట నీళ్లు నిండాక పైకి ఏమీ తెలియదు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగుకు నిలువెత్తు నీళ్లలో ఉంటాడు. గుంత అంచు ఇసుకే కాబట్టి పైకెక్కబోతే కాలి కింద జారిపోతుంది. నాకు తెలిసిన మంచి ఈతగాళ్లు కూడా ఇలాంటి చోట భయపడతారు. తవ్వకం జరిగిన చోట ఈత రేవు పెట్టడం అంటే...

ఇంకో విషయం, మునుగుతున్నవాడి కోసం దూకొద్దు. ముందు కర్ర చాచు, అందకపోతే తాడు విసురు, ఖాళీ క్యాన్ అయినా సరే విసురు. రేవులో ఒక స్తంభానికి తాడు, లైఫ్ రింగ్ తగిలించి ఉంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది. నీళ్ల దగ్గరికి జనాన్ని పిలిచే ప్లాన్‌లో ఒక్క తాడు కూడా లేకపోతే ఎలా?

కొత్తగా_చేరాను · ఆదివారం, ఉదయం 6:40

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా దగ్గర నది కాదు, గుర్రపుడెక్క మైదానం. పోయినేడు అందరం కలిసి తీసి గట్టు మీద పోశాం. ఈ ఏడు అంతకంటే ఎక్కువొచ్చింది.

రెల్లుదుబ్బు · ఆదివారం, ఉదయం 8:02

గట్టు మీద పోస్తే వరదకు మళ్లీ నీళ్లలోకే పోతుందండీ. దూరంగా తీసుకెళ్లి ఎరువు చేయాలి. అది దక్షిణ అమెరికా మొక్క. వెచ్చటి మురుగు నీళ్లు దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు, గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి. దాన్ని మాత్రమే తినే ముక్కు పురుగుల్ని 1980ల్లో మన దేశంలో వదిలారు, అవి పనిచేస్తాయి గానీ ఫలితానికి కొన్నేళ్లు ఓపిక పట్టాలి. దానికి తిండి పెడుతున్నది ఎగువన కలిసే మురుగు. మళ్లీ ఈతగాడు గారి మొదటి పేరా దగ్గరికే వచ్చాం.

చెత్తసంచి · ఆదివారం, ఉదయం 9:27

మా బృందం ఆదివారాలు ఒడ్డున చెత్త ఏరుతుంది. ఒకటి చెబుతాను, ఎవరూ నొచ్చుకోకండి. గ్లవ్స్ వేసుకుని ఫొటో దిగి వెళ్లిపోతే ఆ ఒడ్డు వారానికి మళ్లీ అలాగే ఉంటుంది. మేం కొంతకాలంగా ఏరినదాన్ని రకాలవారీగా లెక్కపెట్టి రాసుకుంటున్నాం. రాస్తే తెలిసింది, ఒడ్డున కూర్చున్నవాళ్లు పారేసింది తక్కువ, కాలవలోంచి వచ్చింది ఎక్కువ. ఆ కాగితం పట్టుకెళ్లి అడిగితేనే కాలవ మూతి దగ్గర ఇనప జాలీ వేశారు. దాన్ని రోజూ శుభ్రం చేయాలి, లేకపోతే వానకు అది మూసుకుపోయి వీధిలోకి నీళ్లొస్తాయి, తిట్లు మనకొస్తాయి.

సముద్రాల్లోకి నదులు మోసే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి పోతోందని 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో ఊళ్ల మధ్యనుంచి పారే చిన్న నదులు చాలా ఉన్నాయి. పెద్ద నదుల మీదికి నెట్టేయడానికి లేదు.

నిరాశావాది · ఆదివారం, ఉదయం 11:15

ఇంత రాసి ఏం లాభం? టెండర్ అయిపోయే ఉంటుంది. అభిప్రాయాలు అడిగేది ఫైల్లో ఒక పేజీ నింపుకోవడానికే.

ఈతగాడు · ఆదివారం, ఉదయం 11:58

కావచ్చు. అయితే లండన్ థేమ్స్‌ని 1957లో జీవం లేని నది అని తేల్చేశారు. ఇవాళ దాని ముఖద్వారంలో సీల్‌లు పిల్లల్ని కంటున్నాయి. అమెరికాలో కయహోగా నది మీది చమురు 1969లో అంటుకుంది, ఆ నది అప్పటికే చాలాసార్లు తగలబడింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు పట్టించుకున్నారు. 1972లో నీటి చట్టం వచ్చింది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర 1986లో ఒక రసాయనాల గోదాము కాలి, మంటలార్పిన నీళ్లు రైన్ నదిలోకి పోయి నది ఎర్రబడింది, చేపలు కుప్పలుగా చచ్చాయి. అదే బాసెల్ ఊళ్లో ఇవాళ ఆఫీసు అయ్యాక జనం బట్టలు వాటర్‌ప్రూఫ్ సంచిలో వేసుకుని ప్రవాహంలో తేలుతూ ఇంటికెళ్తారు.

నేను గమనించింది ఒకటే. నదిలో రోజూ దిగేవాళ్లున్న చోట నీళ్ల వాసన మారితే ఆ సాయంత్రమే ఎవడో ఒకడు గొడవ మొదలుపెడతాడు. కంచె వేసిన నదికి, గోడ వెనక దాచిన నదికి ఆ కాపలా లేదు. ఒడ్డుమనిషి గారి రెండో జట్టు ఈ విషయం ఆలోచించాలి. ఊరికి పనికిరాని నది చివరికి మురుగుకాలవే అవుతుంది.

పిట్టలపిచ్చి · ఆదివారం, మధ్యాహ్నం 12:20

పనికిరావడం అంటే మనిషికే ఎందుకు? పిట్టకు పనికొస్తే చాలదా. ఈ ఒక్కదాంట్లో మీతో ఒప్పుకోను.

అమ్మమ్మ_మనవడు · ఆదివారం, మధ్యాహ్నం 3:36

ఇప్పటిదాకా చదివాను. ఎవరూ అనని మాట ఒకటుంది. మా అమ్మమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. చిన్నప్పుడు నదిలో ఈదిన మనిషి. మీ రెల్లు, గులకరాళ్లు, ఏటవాలు ఒడ్డు అన్నీ బాగున్నాయి, ఆమె మాత్రం రోడ్డు మీద నుంచే చూడాలి. మీరంతా తిడుతున్న ఆ ట్రాక్ వస్తే ఆమె మొదటిసారి నీళ్ల పక్కకు వెళ్లగలుగుతుంది. మా ఇంట్లో ఓటు ట్రాక్‌కే.

రెల్లుదుబ్బు · ఆదివారం, సాయంత్రం 4:15

ఈ మాట ప్లాన్‌లోకి రావాలి. అయితే ఆ గోడ మీది ట్రాక్ ఆమెను నీళ్లకు పైన నిలబెడుతుంది, పక్కన కాదు. ఆమెకు కావాల్సింది మెల్లగా దిగే ర్యాంప్. బాబాయ్ గారూ, వాలు ఎంత ఉండాలి?

సివిల్_బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 4:50

12 అడుగుల పొడవుకు 1 అడుగు దిగాలి, అంతకంటే నిటారు వద్దు. మధ్యమధ్య ఆగడానికి చదునైన చోటు, రెండు వైపులా రెయిలింగ్, అంచుకు చక్రం జారకుండా చిన్న దిమ్మ. కింద నీటి మట్టం ఏడాది పొడవునా మారుతుంది కాబట్టి చివర తేలే ప్లాట్‌ఫాం పెడితే మంచిది, నీళ్లతో పాటే లేస్తుంది, దిగుతుంది. ఒకచోట ఇది కాంక్రీట్‌తోనే కట్టాలి. కాంక్రీట్ ఉండాల్సిన చోట ఉంటే నాకేం బాధ లేదు, రెల్లుదుబ్బు గారికీ ఉండదనుకుంటా.

మోడరేటర్ · ఆదివారం, సాయంత్రం 6:00

ఫలానా అధికారి, ఫలానా కాంట్రాక్టర్ అంటూ పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. నది గురించే మాట్లాడుకుందాం.

ఒడ్డుమనిషి · మంగళవారం, రాత్రి 8:45

రెండు జట్లనూ ఒకచోట కూర్చోబెట్టి డ్రాఫ్ట్ రాశాం. తప్పులుంటే చెప్పండి.

ముందు మురుగు: కాలనీ వైపు నుంచి నదిలో కలిసే కాలవలన్నీ మ్యాప్ మీద చూపించాలి, వాటిని శుద్ధికి మళ్లించే ఏర్పాటు అయ్యాకే మిగతా పని మొదలవ్వాలి. అప్పటిదాకా ప్రతి నెలా నీటి పరీక్ష చేసి ఫలితాన్ని రేవులో బోర్డు మీద రాయాలి. గట్టి వాన పడ్డాక కనీసం రెండు రోజులు ఈతకు ఎర్రజెండా. గోడ వంపు బయటి ఒడ్డున, ఇళ్లున్నంత మేరకే, అదీ ఏటవాలు రాతికట్టుగా. లెక్కలు బయటపెట్టాలి. మిగతా గట్టుకు మొక్కలు, వాటి మధ్యలోంచి మట్టి నడకదారి. ఒక రేవులో వీల్‌చైర్ ర్యాంప్, తేలే ప్లాట్‌ఫాం. జెట్టీ డ్యాంకు బాగా ఎగువకు మార్చాలి, తెడ్డు పడవలే తిప్పాలి, రక్షణకు ఒక మోటార్ బోటు. తాళ్లు, బోర్డులు. లోపలి ఒడ్డు తిన్నె మీద గుడ్ల కాలంలో ఎవరూ దిగకూడదు. లైట్లు కిందికి, రాత్రి పది దాటాక ఆరిపోవాలి.

ఆ చివరి దాని మీద కాలనీలో ఆడవాళ్లు ఒప్పుకోలేదు. చీకటి దారిలో ఎవరు నడుస్తారు అంటున్నారు. నాకూ సబబే అనిపించింది.

పిట్టలపిచ్చి · మంగళవారం, రాత్రి 9:10

వాళ్లన్నది న్యాయం. అయితే రోడ్డు నుంచి వచ్చే దారిలో లైట్లు ఉంచి, నీటి వైపు దారిని రాత్రి మూసేయమని అడగండి. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు కూడా ఉన్నాయి.

సివిల్_బాబాయ్ · మంగళవారం, రాత్రి 9:22

"బాగా ఎగువకు" అని రాయొద్దు, మీటర్లలో రాయండి. దూరం రాయకపోతే వాళ్లకు నచ్చిన చోట పెడతారు. తెప్పరాయుడితో కలిసి ఒకసారి నడిచి చూసి అంకె వేయండి. మట్టిదారికి నీళ్లు పోయే చిన్న కాలవ కూడా కలపండి, లేకపోతే మొదటి వానకే కొట్టుకుపోతుంది.

చెత్తసంచి · మంగళవారం, రాత్రి 9:40

జాలీ, దాన్ని ఎవరు శుభ్రం చేయాలో కూడా కలపండి. చెప్పకపోతే అది ఎవరి పనీ కాదు.

ఒడ్డుమనిషి · బుధవారం, ఉదయం 7:20

అన్నీ కలిపాను. గడువులోపు మా వైపు నుంచి ఒక పరీక్షైనా జత చేయాలనుకుంటున్నాం. ల్యాబ్ గారూ, శాంపిల్ ఎలా తీయాలి? నీళ్ల సీసాలో పట్టుకొస్తే సరిపోతుందా?

నీళ్ల_ల్యాబ్ · బుధవారం, ఉదయం 8:05

తాగి పారేసిన సీసా వద్దు. బాక్టీరియా పరీక్షకు ల్యాబ్ వాళ్లే స్టెరిలైజ్ చేసిన సీసా ఇస్తారు, ముందురోజే వెళ్లి తీసుకోండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి. ఒడ్డు పక్కన నిలిచిన నీళ్లు కాకుండా పారే నీళ్లలో, పైనుంచి ఒక అడుగు లోపల, సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి నింపండి. అంచుదాకా నింపకుండా కొంచెం ఖాళీ వదలండి. కరిగిన ఆక్సిజన్‌కు మాత్రం వేరే సీసా, అందులో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. ఐస్ పెట్టెలో పెట్టుకుని ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. సీసా మీద చోటు, తేదీ, టైము రాయండి. అంతకుముందు రోజు వాన పడిందా లేదా అన్నది కూడా రాయడం మర్చిపోకండి. దిగువన ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి ఎగువకు రండి, మీ కాళ్లు లేపిన బురద మీ తర్వాతి శాంపిల్‌లోకి పోకుండా ఉంటుంది. కాలికి గాయం ఉన్నవాళ్లు కాలవ మూతి దగ్గర దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, గమ్ బూట్లు వేసుకోండి.

తెప్పరాయుడు · బుధవారం, ఉదయం 8:31

కాలవ మూతి దగ్గరికి నేను తెప్ప మీద వస్తాను అన్నా, ఎవరూ దిగక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందు పెట్టుకుందాం. ల్యాబ్ ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందు కనుక్కోండి.